అర మారిన సరుకు

నాకు కుళ్ళు. ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. అసూయ అంటే కాస్త మర్యాదగా వినబడుతుంది కాని, నా దగ్గరున్నది అంత మర్యాదైన సరుకు కాదు. మా తోటికోడలికి నెల తప్పిందని తెలిసిన సాయంత్రం అత్తగారు మిఠాయి పెట్టె పట్టుకుని మా వాటాలోకి వస్తే, పంటినొప్పని చెప్పి ఒక్క ముక్క కూడా ముట్టుకోలేదు. ఆవిడ వెళ్ళిపోయాక ఆకలేసింది. అప్పుడూ తినలేదు.

మా రెండు వాటాలూ ఒకే అంతస్తులో ఎదురెదురుగా ఉంటాయి. ఇటు నేనూ మా ఆయనా. అటు మా మరిదీ, తోటికోడలూ, వాళ్ళతో అత్తగారు. అక్కడ తుమ్మితే ఇక్కడ వినబడుతుంది. పొద్దున్నే ఆ పిల్ల వాంతి చేసుకోవడం నాకు మంచం మీదికే వినబడేది. ఎవరైనా అయితే అయ్యో పాపం అనుకుంటారు. నేను మాత్రం ఆ వాంతులు కూడా నాకే కావాలనుకున్నాను. నాకు మూడుసార్లు నెల తప్పింది, మూడుసార్లూ మూడో నెల దాటలేదు. వాంతులు ఉన్నట్టుండి ఆగిపోయేవి. ఆగిన పూటే నాకు సంగతి తెలిసిపోయేది.

తోటికోడల్ని అందరూ చిన్నారి అంటారు. వయసు ఇరవై ఆరు. పెళ్ళై ఏడాది తిరక్కుండానే కడుపు. పైగా మంచి పిల్ల. నాకొచ్చిన చిక్కల్లా అదే. చెడ్డవాళ్ళని చూసి కుళ్ళుకుంటే మనసుకి కాస్త సర్దిచెప్పుకోవచ్చు. మంచివాళ్ళని చూసి కుళ్ళుకుంటే తప్పంతా మన నెత్తినే పడుతుంది. "అక్కా, ఇది తినొచ్చా? అక్కా, ఇలా పడుకోవచ్చా?" అని ఆ పిల్ల నా వెంటే తిరిగేది. కడుపు నిలబెట్టుకోలేనిదాన్ని పట్టుకుని సలహాలడగడమేమిటని నాకు ఒళ్ళు మండేది. ఆ పిల్లకి ఆ ఆలోచనే రాలేదని ఇప్పుడు తెలుసు. నేను ఆ రకం ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి నాకు అన్నీ తెలుసనుకుంది, అంతే.

నా ఉద్యోగం క్రోమోజోములు చదవడం. ప్రతి మనిషి కణంలోనూ నలభై ఆరు చారల ముక్కలుంటాయి, ఇరవై మూడు జతలుగా. మనిషి తయారీకి కావలసిన సమాచారమంతా వాటిలోనే సర్ది ఉంటుంది. రక్తమో, గర్భంలోని ఉమ్మనీరో వస్తే అందులో కణాల్ని పెంచి, విభజన జరిగే వేళకి ఆపి, రంగేసి, ఫొటో తీస్తాం. తెర మీద ముక్కలన్నీ చిందరవందరగా పడి ఉంటాయి. మౌసుతో ఒక్కొక్కదాన్నీ లాగి జతలు కట్టి, నంబర్ల వారీగా వరసలో పెడతాం. తర్వాత చారలు పోల్చి చూస్తాం. ఏదైనా ముక్క తగ్గిందా, ఎక్కువైందా, తలకిందులైందా, ఒకదాని తోక ఇంకొకదానికి అతుక్కుందా అని. చూడటం ఎవరికైనా నేర్పొచ్చు. చూసినదానికి అర్థం చెప్పడమే కష్టం. కొన్ని తేడాలు ప్రాణాంతకం. కొన్ని ముక్కు వంకరలాంటివి, మనిషితో పుట్టి మనిషితోనే పోతాయి.

అందుకే మా దగ్గర రెండు నియమాలున్నాయి. ఏ కేసునైనా ఇద్దరు చదవాలి, మొదటివాళ్ళు ఏం చూశారో రెండోవాళ్ళకి చెప్పకూడదు. సొంతవాళ్ళ కేసు అసలు ముట్టుకోకూడదు.

మూడోసారి కూడా పోయాక నా రక్తం ఇచ్చాను. భూతద్దం చదివాడు. భూతద్దం అంటే నా పక్క కుర్చీలో కూర్చునే సహోద్యోగి. బిస్కట్టుని కూడా అటూ ఇటూ తిప్పి చూసుకుని కాని నోట్లో పెట్టుకోడు. "తొమ్మిదో నంబర్లో మధ్యముక్క తిరగబడి ఉంది మేడం. మీకు నేను చెప్పేదేముంది, నూటికి ఒకళ్ళిద్దరికి ఉంటుంది, దేనికీ సంబంధం లేదు," అన్నాడు. నిజంగానే చెప్పేదేమీ లేదు. అలాంటి తొమ్మిదో నంబర్లు ఎన్నో చూశాను, చూసి మామూలేనని రాసిచ్చాను.

ఇంట్లో చెప్పడమే బుద్ధితక్కువ. అత్తగారు మాటలో మొదటి సగమే విన్నారు. "తిరగబడి ఉందా? అదీ సంగతి!" అన్నారు. అప్పట్నుంచి పాలు విరిగినా, మిక్సీ మొరాయించినా, "దీనికీ తొమ్మిదోది తిరగబడినట్టుంది" అని ఇంట్లో ఒక జోకు పుట్టింది. అందరూ నవ్వేవాళ్ళు. నవ్వకపోతే ఇంకో జోకు పడుతుందని నేనూ నవ్వేదాన్ని.

మా ఆయన్ని కూడా రక్తం ఇమ్మన్నాను. సూది పేరెత్తితే ఆయనకి చెమటలు పడతాయి. "నీది దొరికిందిగా, ఇంక నాదెందుకు?" అన్నారు. "వాడికేం రోగం? గుండ్రాయిలా ఉన్నాడు," అన్నారు అత్తగారు. కారణం కానిదాన్ని కారణమనుకుని వెతకడం ఆపేస్తే అసలు కారణం ఎక్కడిదక్కడే కూర్చుంటుంది. ల్యాబ్‌లో ఎవరైనా అలాంటి పని చేస్తే దుమ్ము దులిపేసేదాన్ని. ఇంట్లో మాత్రం రెండు మూడుసార్లు అడిగి, కుక్కిన పేనులా పడున్నాను. ఏళ్ళు గడిచిపోయాయి.

చిన్నారికి మూడో నెల స్కానింగ్‌లో బిడ్డ మెడ వెనక కాస్త మందంగా కనబడింది. కొన్నాళ్ళాగి ఉమ్మనీరు తీసి పరీక్షకి పంపారు. ఈ పని చేసే ల్యాబ్ ఊళ్ళో మాదొక్కటే. గొట్టం మీద ఇంటిపేరు చూడగానే నేను దూరంగా జరిగాను. భూతద్దం చదివాడు, తర్వాత ఇంకొకావిడ చదివింది. నియమం ప్రకారం ఆ సంగతి నాకు తెలియకూడదు. కాని చిన్నారి డాక్టరుకి రాసిచ్చిందట, ఏం తేలినా ముందు మా అక్కకే చెప్పండి, ఆవిడ చెబితేనే నాకు అర్థమవుతుంది అని.

భూతద్దం నన్ను పిలిచి తెర చూపించాడు. ఐదో నంబరు జతలో ఒకదాని తోక పొట్టిగా ఉంది. పన్నెండో నంబరు జతలో ఒకదాని తోక పొడుగ్గా, ఐదో నంబరు చారలతో ఉంది. రెండూ కొసలు మార్చుకున్నాయి.

"సరుకంతా ఉంది మేడం. బీరువాలో అర మారిందంతే," అన్నాడు. "అమ్మకో నాన్నకో ఇదే ఉంటే ఇంక భయం లేదు. వాళ్ళు దీంతోనే నిక్షేపంగా తిరుగుతున్నారు కదా. ఇద్దరికీ లేకపోతే కొత్తగా వచ్చినట్టు. అప్పుడు తెగిన చోట ఏమైనా పాడైందేమోనని చిన్న అనుమానం. అప్పుడు కూడా నూటికి తొంభై మంది పైనే పిల్లలు బాగుంటారనుకోండి."

నాకు మొదట ఏమనిపించిందో చెబుతాను. చల్లగా అనిపించింది. నేనొక్కదాన్నే కాదన్నమాట అనుకున్నాను. ఆ పిల్ల నున్నటి దారిలో కూడా ఒక రాయి పడిందని సంతోషం వేసింది. సిగ్గు కూడా వేసింది కాని, అది తర్వాత, తీరిగ్గా వచ్చింది.

ఆ సాయంత్రం ఎదురు వాటాకి వెళ్ళాను. చిన్నారి మంచం అంచున చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన మరిది. గుమ్మంలో అత్తగారు.

"ఐదూ పన్నెండూ కొసలు మార్చుకున్నాయి. మీ ఇద్దరి రక్తం చూడాలి," అన్నాను.

"మాలో ఎవరికైనా ఉంటే?"

"ఉంటే పరవాలేదు."

"లేకపోతే అక్కా?"

"అప్పుడు కొత్తగా వచ్చిందని అర్థం."

"అంటే?"

"అంటే ఏమీ చెప్పలేం."

ఒక్క అబద్ధం లేదు. తొంభై మంది మాట నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే ఆ పిల్ల మొహం విచ్చుకుంటుంది. ఆ విచ్చుకోవడం చూడబుద్ధి కాలేదు. ఒక్క నాలుగు రోజులు నాలాగే ఉండనీ అనుకున్నాను.

అత్తగారు మాత్రం ఆగలేదు. "మా వైపు ఇలాంటివి కనీ వినీ ఎరగం. పెద్దదానికేమో తిరగబడింది, చిన్నదానికేమో తారుమారైంది. ఎక్కడెక్కడివి ఏరి తెచ్చుకున్నామో!" అన్నారు. చిన్నారి తల వంచుకుంది. ఆ వంచుకోవడం నాకు బాగా తెలుసు. అయినా నేనేమీ అనకుండా చెప్పులేసుకుని ఇవతలికి వచ్చేశాను.

మొగుడూ పెళ్ళాల రక్తాలు మా ల్యాబ్‌కి చేరాయి. రక్తంలో కణాలు పెరగడానికి రోజులు పడుతుంది, తొందరపెడితే ముక్కలు సరిగ్గా విచ్చుకోవు. నేను రోజూ ఆ కణాలు పెరుగుతున్న పెట్టె పక్కనుంచే నడిచేదాన్ని. ఇద్దరికీ లేకుండా ఉంటే బాగుండునని ఒక పూట, ఛీ అని ఒక పూట అనుకుంటూ.

ఒక పొద్దున మా ఆయన కాఫీ తాగుతూ, "వాళ్ళు ఆసుపత్రికి వెళ్ళిపోయారు. నన్ను తర్వాత రమ్మన్నారు," అన్నారు.

"ఎందుకు?"

"ఎందుకేమిటి? తీయించేస్తున్నారుగా. నీకు చెప్పలేదా?"

"రక్తం సంగతి తేలకుండానే?"

"వాడు ఆగుదామనే అన్నాడు. ఇంకా ఆలస్యమైతే పిల్ల ప్రాణానికి ముప్పని అమ్మ పట్టుబట్టింది. చిన్నారి కూడా సరేనంది. 'ఏమీ చెప్పలేమని అక్కే అంది. అక్కకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నా మొహం చూసి చెప్పలేకపోయింది పాపం' అని ఏడ్చిందట."

నేను జాలితో నోరు మూసుకున్నాననుకుంది ఆ పిల్ల. ఎదురు వాటాకి తాళం వేసి ఉంది. చిన్నారి ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మరిది ఎత్తలేదు. బండి తీయమని మా ఆయన మీద అరిచాను. ఆయన ఎప్పుడూ నా అరుపు వినలేదు, చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా వచ్చారు. దారిలో భూతద్దానికి ఫోన్ చేశాను.

"స్లైడ్లు నిన్ననే తయారయ్యాయి మేడం, మధ్యాహ్నం చదువుదామని..."

"ఇప్పుడు చదువు. మా మరిదిది ముందు చూడు. నీ బిస్కట్టు తర్వాత తిందువు గాని," అన్నాను.

ఆసుపత్రిలో రెండో అంతస్తు, కారిడార్ చివరి గది. చిన్నారికి వాళ్ళ గౌను తొడిగేశారు. చేతికి సూది గుచ్చి పట్టీ వేశారు గాని, ఇంకా ఏ మందూ ఎక్కించలేదు. నర్సు ట్రాలీ సర్దుతోంది. అత్తగారు కుర్చీలో, మరిది కిటికీ దగ్గర.

"ఆపండి," అన్నాను నర్సుతో. తర్వాత చిన్నారి వైపు తిరిగాను. "మీ ఇద్దరికీ లేకపోయినా సరే, నూటికి తొంభై మంది పైనే బాగా పుడతారు. ఆ మాట మొన్నే చెప్పాల్సింది."

మరిది కిటికీ వదిలి వచ్చాడు. "మొన్న తెలీదా వదినా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెప్పబుద్ధి కాలేదు. దాని మీద కుళ్ళు నాకు. నాకు లేనిది దానికి ఉందని."

అంత సూటిగా అంటానని నేనూ అనుకోలేదు. అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. "విన్నావుట్రా! పచ్చటి కాపురం మీద కళ్ళల్లో నిప్పులు పోసుకుంది! కడుపుతో ఉన్నమ్మ కనక మానుతుందా అని నేను ధైర్యంగా ఉంటే..."

"నేను మానాను కదత్తయ్యా," అన్నాను. "మూడుసార్లు."

చిన్నారి నన్నే చూస్తోంది. కోపంగా చూస్తే బాగుండును. లెక్కలో ఎక్కడో తేడా వచ్చినట్టు, అదెక్కడా అని వెతుకుతున్నట్టు చూస్తోంది.

అప్పుడు ఫోన్ మోగింది. భూతద్దం. అందరూ వినేటట్టు పెట్టాను.

"మీ మరిదిగారికి అచ్చం ఇదే మేడం. ఐదూ పన్నెండూ, అదే చోట. రెండోవాళ్ళ చేత కూడా చదివించాను, ఏమీ చెప్పకుండానే. ఆవిడా అదే అంది. బిడ్డకి నాన్న దగ్గర్నుంచే వచ్చింది. ఇంక నిశ్చింతగా ఉండమనండి."

చిన్నారి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. మరిది నేల మీదే కూలబడి ఆ పిల్ల పాదాలు పట్టుకున్నాడు. నర్సు నవ్వుతూ ట్రాలీ బయటికి తోసుకుపోయింది. అత్తగారైతే క్షణంలో పార్టీ మార్చేశారు. "మావాడిదేనా! నేను చెప్పలా? అచ్చం వాళ్ళ నాన్న పోలికే వచ్చింది. మా వంశంలో ఉన్నదే వచ్చింది. మనదైతే ఇంక భయమేముంది?" అంటూ కళ్ళు తుడుచుకున్నారు. పొద్దున్నదాకా తారుమారు, ఇప్పుడు వంశం సొత్తు. నాకు నవ్వొచ్చింది. నిజంగా సంతోషం కూడా వేసింది, అబద్ధం చెప్పను. బిడ్డ బతికింది.

చిన్నారి చేతులు తీసింది. మొహమంతా తడి. ముక్కు ఎగబీల్చుకుంటూ, నా వైపు కాదు, గుమ్మంలో గుండీలు తప్పుగా పెట్టుకుని నిలబడ్డ మా ఆయన వైపు చూసింది.

"అక్కా, మరి బావగారికి చూశారా?" అంది.

అందరి తలలూ అటు తిరిగాయి.

"నాకా?" అన్నారాయన.

"మీరూ ఆయనా ఒక తల్లి పిల్లలే కదా," అంది చిన్నారి. "అక్కా, ఇది బావగారికి ఉంటే? అందుకేనా మీకు..."

"ఉండొచ్చు, ఉండకపోవచ్చు," అన్నాను. "ఉన్న మనిషికి ఏమీ కాదు. పిల్లలకి పంచేటప్పుడే తంటా. మారిన రెండు ముక్కలూ కలిసి వెళ్తే, మారనివి రెండూ కలిసి వెళ్తే, బిడ్డ నిలబడుతుంది. ఒకటి వెళ్ళి ఒకటి ఆగిపోతే ఒక సరుకు ఎక్కువ, ఇంకో సరుకు తక్కువ. అలాంటివి మొదటి నెలల్లోనే పోతాయి."

"మూడో నెల్లో," అంది చిన్నారి.

"అవును."

అత్తగారు కళ్ళు తుడుచుకుంటున్న కొంగు దించేశారు. మా ఆయన తమ్ముడి వైపు చూశారు, వాడి మోచేతి దగ్గర సూది మచ్చ వైపు చూశారు. "రేపు ఇస్తాను," అన్నారు. తర్వాత, "ఇవాళే ఇస్తాను," అన్నారు.

నాకు గుండె తేలికపడాలి కదా. పడలేదు. ఆ ప్రశ్న నాది. చదువుకున్నదాన్ని నేను, పోగొట్టుకున్నదాన్ని నేను. ఇన్నేళ్ళూ నేను అడిగి అడిగి మానేసిన ప్రశ్నని ఆ పిల్ల ఆసుపత్రి గౌనులో కూర్చుని, అత్తగారి ఎదురుగానే, ముక్కు తుడుచుకుంటూ అడిగేసింది. అదీ నా కోసం, నేను చేసిన పని తెలిసిన మరుక్షణం. బిడ్డా తనదే, మంచితనమూ తనదే, ఆఖరికి ఆ ధైర్యం కూడా తనకే ఉందా అనిపించింది. వెళ్ళి కావలించుకున్నాను. కావలించుకున్నప్పుడూ మండుతూనే ఉంది.

మా ఆయన రక్తాన్ని నేను ముట్టుకోలేదు. నియమం నియమమే. భూతద్దం చదివి, కుర్చీలోంచి లేచి, నన్ను అందులో కూర్చోబెట్టి టీకి వెళ్ళిపోయాడు. ఐదో నంబరు తోక పొట్టిగా, పన్నెండో నంబరు తోక పొడుగ్గా. అచ్చం తమ్ముడిదే. ఒక తల్లి పిల్లలు, ఒకే తేడా. అక్కడ మొదటిసారే కలిసొచ్చింది. ఇక్కడ మూడుసార్లూ రాలేదు. దానికింక అర్థం చెప్పమంటే నా చదువులో లేదు.

ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆయన మోచేతి దగ్గర సూది గుచ్చిన చోటునే నొక్కుకుంటూ కూర్చున్నారు. అది ఎప్పుడో మానిపోయింది.

"ఇప్పుడు ముందే పరీక్ష చేసి, మంచి పిండాన్ని చూసుకుని కడుపులో పెట్టే పద్ధతులున్నాయంటగా," అన్నారు.

"ఉన్నాయి."

"మరింకేం?"

"నాకిప్పుడు నలభై మూడు."

ఆయన తలెత్తి చూశారు. "అప్పుడు?"

"మీరు రక్తం ఇవ్వనన్నప్పుడా? ముప్పై ఒకటి."

ఎదురు వాటాలో చిన్నారి గట్టిగా నవ్వింది. బిడ్డ కదిలిందట. "అక్కా, తొందరగా రండి, చెయ్యి పెట్టి చూడండి!" అని కేక వేసింది. మా ఆయన నా వైపు చూశారు. "వస్తున్నా," అని అరిచాను. లేచి నిలబడటానికి మాత్రం కాసేపు పట్టింది.